పట్టుగూళ్ళతో కొలిచిన దూరం

అప్పుడు నేను పీయూసీ చదువుతున్నాను. రాకెట్ల పని చేయాలని ఆశ, లెక్కలంటే వణుకు. చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం వెళ్ళే బస్సులో ఫోన్‌లో కృష్ణబిలం వీడియో చూస్తున్నాను. నా పక్కన పట్టుదారం తీసే ఒకామె కూర్చుంది. వేడినీళ్ళలో నాని ఆమె వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె కూడా వీడియో చూసి బెదిరిపోయింది.

"నక్షత్రాల్నే మింగుతాదా! యాడుండాదమ్మా అది?"

"చానా దూరమమ్మా. వెలుగు ఆడికి పోవాలన్నా వెయ్యేళ్ళకు పైనే పడతాది."

ఆమె భయం తగ్గలేదు. "వెలుగు సంగతి నాకేం తెలుసు? ఒక గూడు విప్పితే కిలోమీటరు దారం వస్తాది. ఆడిదాకా ఎన్ని గూళ్ళు గావాల?"

ఆడవాళ్ళకిచ్చే నా ఉచిత టికెట్టు వెనక గుణించడం మొదలుపెట్టాను. రెండుసార్లు తప్పు వేసి కొట్టేశాను. ఆమె ఓపిగ్గా చూస్తూ కూర్చుంది. చివరికి సున్నాలు టికెట్టు దాటి నా అరచేతి మీదికి వచ్చాయి.

ఆమె వాటిని వేలితో ఒక్కొక్కటే తాకి నవ్వింది. "మా శిడ్లఘట్ట అంతా కూచోని తీసినా అన్ని గూళ్ళు కావులే!" అని, వాళ్ళ ఊరొచ్చేదాకా నా భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయింది.

ఇంటికొచ్చి సరిచూస్తే ఒక సున్నా తక్కువ వేశాను. ఆమెకు ఇంకా పదింతలు ధైర్యం చెప్పి ఉండాల్సింది. అప్పటినుంచి ఏ లెక్కనూ రెండోసారి చూడకుండా వదల్లేదు.