వంక మీద వంతెన అడిగిన అక్క

మా ఎదురింటివాళ్ల మనవరాలు మొన్న పొద్దున్నే గేటు తీసుకుని వచ్చి, ఎండకు పెట్టుకునే టోపీ ఏమైనా ఉందా అవ్వా అని అడిగింది. వాళ్ల యూనివర్సిటీలో పిల్లలను జట్లు జట్లుగా పల్లెలకు పంపుతున్నారట, తన జట్టుకు ఆమడగూరు పక్క ఏదో ఊరు వచ్చిందట, అక్కడివాళ్లతో కూర్చుని ఊరికి ఏమేం కావాలో ఒక ప్లాను తయారు చేయాలట. డ్రోను కూడా ఇస్తారవ్వా, ఊరంతా పైనుంచి తీసేస్తాం అని ఉత్సాహంగా చెప్పి, టోపీ పట్టుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం వొలుస్తున్న అనపకాయలు పక్కన పెట్టేశాను. ఆ పని మేమూ చేశాం. బడి ముందర నేల అలికించి, ముగ్గుపిండితో ఊరి పటం గీయించి, చుట్టూ జనాన్ని కూర్చోబెట్టిన ఆ రోజులు నా ఈడువాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి.

మాది హిందూపురం. దూదేకులవాళ్లం, ముస్లిములమైనా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, అంగట్లో అవసరాన్ని బట్టి కన్నడం. నాయన మార్కెట్టు వెనక సందులో పరుపులు కుట్టేవాడు. ఆయన కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద ఎప్పుడూ దూది నూగు పట్టి ఉండేది, అందుకని మా నాయన నాకు చిన్నప్పటినుంచీ ముసలివాడిలాగే కనిపించేవాడు. నేను పై చదువుకు యూనివర్సిటీకి పోతానన్నప్పుడు ఒప్పుకోవడానికి పెద్దగా ఆలోచించలేదు గానీ, చదువులో భాగంగా కొన్ని వారాలు ముక్కూమొగం తెలియని పల్లెలో ఉండాలంటే మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి తానే నాకొక పల్చటి పరుపు కుట్టి, చుట్టగా చుట్టి తాడు కట్టి, పెనుకొండకు పోయే బస్సు మీదికి ఎక్కించాడు. మా జట్టులోని పిల్లలు ఆ పరుపు చూసి నవ్వారు కూడా.

పెనుకొండ దాటినాక పెద్ద రోడ్డు విడిచి, ఎర్రమట్టి దారిలో గుట్టల మధ్యకు పోతే వస్తుంది ఆ ఊరు. పేరు చెప్పడం బాగుండదు. ఊరికి ఒక పక్క వంక, వంకకు అవతల ఇంకో పాతిక పూరికొట్టాలు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ వంకలో ఇసుక తప్ప ఏమీ ఉండదు, పిల్లలు ఆడుకుంటారు, గొర్రెలు దాటుతాయి. చెనక్కాయలు పీకే రోజుల్లో వాన పట్టిందంటే మాత్రం గుట్టల మీది నీళ్లన్నీ ఒక్కసారిగా దిగి, కొట్టాలవాళ్లు ఆ గట్టునే నిలిచిపోతారు. ఆ ఏడాది ఊరికి ఒక్క పని మంజూరు చేస్తామని, అదేమిటో ఊరివాళ్లే కూర్చుని తేల్చుకోవాలని, వాళ్లకు తోడుగా విద్యార్థులు ఉండాలని పెనుకొండ ఆఫీసువాళ్లు అనుకున్నారు. మా సారు మమ్మల్ని దింపిపోతూ చెప్పింది ఒక్కటే మాట. మీ నోళ్లు మూసుకుని వాళ్ల నోళ్లు తెరిపించండి అని.

ఆడపిల్లలం ఇద్దరం ఊరి పెద్దాయన ఇంట్లో దిగాం. ఆయన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు మంచిమనిషిగానే గుర్తొస్తాడు. నా పేరు విని ఒక్క క్షణం ఆగి, తర్వాత కోడల్ని పిలిచి, ఈ పాపకు మన పక్కనే కంచం పెట్టు అన్నవాడు ఆయన. ఆ కోడలిని మేం అక్కా అని పిలిచేవాళ్లం. చెన్నేకొత్తపల్లి పక్కనుంచి వచ్చిన ఆమె. సన్నగా, పొడుగ్గా ఉండేది, సంగటి కెలికేటప్పుడు కూడా తొందర కనిపించేది కాదు. పెళ్లయి కొన్నేళ్లయినా ఇంట్లో పిల్లలు లేరు. ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు, మేమూ అడగలేదు. ఆమె భర్త తండ్రి చాటున తిరిగే మనిషి, ఆయన గొంతు మేం విన్నది తక్కువ.

పటం గీసిన రోజు ఊరంతా పండగలా ఉంది. ఆడవాళ్లు ముగ్గుపిండితో వీధులు తీర్చారు, ఇటుకపొడితో దారులు పోశారు, బొగ్గుపొడితో వంకను వంపులు వంపులుగా వేశారు. కొట్టాలవాళ్లు మొదట దూరంగా నిలబడి చూసి, తమ ఇళ్లు తప్పుగా పడుతున్నాయని ఒక్కొక్కరే ముందుకు వచ్చి కూర్చున్నారు. కొట్టాల్లో ఉండే మంత్రసాని తన ఇంటి చోట ఒక గులకరాయి పెట్టి, అక్కను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది సిగ్గనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత సభ. పెద్దాయన పెళ్లి మండపం కావాలన్నాడు. పెళ్లిళ్లకు అందరూ పెనుకొండకు పోవలసి వస్తోందని, మండపం వస్తే ఊరికి ఒక రూపు వస్తుందని ఆయన చెబితే చాలామంది తలలూపారు. కొట్టాల నుంచి ఒకాయన లేచి, వంక మీద చిన్న వంతెన వేస్తే బాగుంటుందప్పా అని గొణిగి, తన మాట తనకే ఎక్కువైనట్టు కూర్చున్నాడు. సభకని మళ్లీ వచ్చిన మా సారు అలవాటు ప్రకారం, ఆడవాళ్లు ఏమంటారు అని అడిగారు. ఎవరూ లేవలేదు. ఇక ముగిద్దామనుకునేసరికి అక్క లేచి నిలబడింది.

"మీరంతా మండపం అంటాండారు. పెండ్లి ఇంటి ముందర పందిరేసినా అయితాది. నా కాన్పు నాడు ఏమాయ? మంత్రసాని ఆ గట్టున నిలబడుకోని ఉండె, నేను ఈడ పండుకోని ఉంటి, నడాన వంక పార్తాండె. ఆమె వచ్చేలోగా నా బిడ్డ పాయ. నాకు వంతెన కావల్ల."

అంతే చెప్పి కూర్చుంది. మంత్రసాని పెద్దగా ఏడ్చింది. అక్క ఏడవలేదు. జనమంతా ఒక్కసారి పెద్దాయన వైపు చూశారు, ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని నేలను చూస్తూ ఉండిపోయాడు. చేతులెత్తమన్నప్పుడు వంతెనకే ఎక్కువ చేతులు లేచాయి. మేం ఆ రాత్రి పట్టరాని సంతోషంతో మాట్లాడుకుంటూ పడుకున్నాం, ఆ ఇంట్లో ఆ పూట ఎవరూ అన్నం ముట్టలేదన్న సంగతి పొద్దున గిన్నెలు చూసేదాకా మా కళ్లకు ఆనలేదు.

మేం వెనక్కి వచ్చేశాం. ప్లాను పుస్తకంలా కుట్టించి ఇచ్చాం, మొదటి పని వంతెన. చదువు ముగిసే రోజుల్లో, కొట్టాల నుంచి చింతపండు అమ్ముకోవడానికి హిందూపురం వచ్చిన ఒకాయన నాయన అంగడి వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. ఇంకో సభ పెట్టి మాట మార్చారట, మండపానికి పునాది తీశారట, అక్కను పుట్టింటికి పంపేశారట.

మా సారు, నేను పెనుకొండ ఆఫీసుకు పోయాం. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, ఊరివాళ్లు ముందొక మాట, తర్వాత ఒక మాట చెబితే మేం తర్వాతి మాటే చూడాలి కదా అన్నాడు. సారు చాలాసేపు వాదించారు, చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ బయటికి వచ్చారు. ఆయన్ని బస్సెక్కించి, నేనొక్కదాన్నే ఆ ఊరికి పోయాను. పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు. నీళ్లిప్పించాడు, నాయన బాగున్నాడా అని అడిగాడు. నేను అక్క సంగతి ఎత్తేసరికి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మండపం కోసమని చేసిన్యా అనుకుంటాండావా పాపా? మా ఇంటి సావును తెచ్చి ఊరి ముందర పెట్టె. అందరూ నా పక్క చూస్తిరి, నేనే చంపినట్ల. నేనెట్ల తలెత్తుకోని తిరగల్ల?"

అటునుంచి చెన్నేకొత్తపల్లి పోయి, అక్క పుట్టిల్లు అడిగి తెలుసుకుని వెళితే, ఆమె కళ్లంలో చెనక్కాయలు తిరగబోస్తూ కనిపించింది. నన్ను చూసి నవ్వింది, తిని పొమ్మంది. ఆమె నాయన మా ఇద్దరినీ ఒంటరిగా వదల్లేదు, అందువల్ల పంటల గురించి, వానల గురించి మాట్లాడుకుని లేచాను. వస్తూ ఆమె చెయ్యి పట్టుకుంటే, ఆమె నా అరచేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది.

చాలాకాలం వేచి, ఆమె భర్త ఒక పనిచేశాడు. గొంతు లేదనుకున్న ఆ మనిషి తండ్రికి చెప్పకుండా ధర్మవరం వచ్చి, పట్టుచీరల అంగట్లో పనికి కుదిరి, ఒక గది తీసుకుని భార్యను పిలుచుకున్నాడు. ఇది నాకు తెలిసింది ఏళ్ల తర్వాత, కూతురి నిశ్చితార్థానికి చీరలు కొనడానికి ధర్మవరం పోయినప్పుడు. చీర మడత విప్పుతున్నాయన నన్ను గుర్తుపట్టి, అంగడి వదిలి ఇంటికి తీసుకుపోయాడు. అక్క నెరిసిన జుట్టుతో, అదే నిదానంతో బొరుగులు తాలింపు వేసి పెట్టింది. ఆ తర్వాత ఒక కొడుకు పుట్టాడట, గుంతకల్లులో ఉద్యోగమట. మాటల మధ్యలో పెద్దాయన ప్రస్తావన తానే తెచ్చింది.

"మామ మింద నాకు కోపం ల్యా పాపా. ఆ పొద్దు ఆయప్ప పంచె ఎగగట్టుకోని వంకలోకి దిగె, మంత్రసానిని పిల్చుకొస్తానని. ఎదురొమ్ము నీళ్లు. తోసుకోని పోతాంటే మనుషులు లాగి గట్టున ఏసిరి. నేను సభలో బిడ్డ పోయిందని చెప్తి, ఇది చెప్పల్యా. చెప్పింటే ఆయప్ప అట్ల తల వంచుకునేటోడు కాదు."

ఆ మాట ఆయనకు ఎప్పుడైనా చెప్పావా అక్కా అని అడిగాను. చెప్పాలనే పోతిని, అప్పటికే మంచంలో పడి మనిషిని గుర్తుపట్టల్యా అంది. ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి పోయి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

ఈమధ్య ఒక పెళ్లికి పోతూ ఆ ఊరి దారి పట్టాను. మండపానికి రంగులు వేశారు, పెళ్లిళ్లు మాత్రం మళ్లీ పెనుకొండలోనే చేసుకుంటున్నారట. వంక మీద వంతెన వచ్చి చాలా ఏళ్లయిందట. కొట్టాలవాళ్లలో వయసు పిల్లలంతా పెద్ద రోడ్డు పక్కనున్న ఫ్యాక్టరీకి బస్సులో పోయి వస్తున్నారు, కాన్పులకు ఫోను చేస్తే ఆంబులెన్సు గడప ముందుకు వస్తుంది. ఇవన్నీ మేం కోరుకున్నవే, కళ్లారా చూశాక సంతోషించవలసినవే. కారు దిగి వంతెన మీద కాసేపు నిలబడ్డాను. పక్కనుంచి మోటారు సైకిళ్లు ఆగకుండా పోతున్నాయి. ఒకాయన్ని ఆపి, వెనకటికి ఒక పెద్దాయన వరదలో దిగింది ఎక్కడప్పా అని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి, తన వెనక కూర్చున్న భార్యను అడిగి, మాకు తెల్దమ్మా, ఆ కాలమోళ్లెవురూ ఇప్పుడు లేరు అని చెప్పి, బండి ముందుకు పోనిచ్చాడు.