కిటికీ పక్కన కూర్చోమన్న కండక్టరు గారు

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికి వస్తుంటే ఫోను వచ్చింది. కండక్టరు గారు పోయారని వాళ్ళమ్మాయి చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. సింగరాయకొండ దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాలంటే బస్సెక్కాలి. నాలుగేళ్ళుగా నేను బస్సెక్కలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. అద్దంకి నుంచి ఒంగోలు దారిలో ఉన్న మా చిన్న ప్రైవేటు స్కూలుకి రోజూ నాకు టికెట్ కొట్టిన మనిషి. మిరప కోతలకు పోయే ఆడవాళ్ళతో బస్సు కిక్కిరిసి ఉన్నా, నిలబడ్డవాళ్ళకు సీటు వెతికిపెట్టేవారు. "నిలబడి పోయేదానికి టికెట్టెందుకమ్మా, నడిచే పోవచ్చుగా" అనేవారు.

నాలుగేళ్ళ కిందట ప్రమాదం జరిగిన రోజూ అంతే. "టీచరమ్మా, కిటికీ పక్కన ఖాళీ అయింది, కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను. రెండు ఊళ్ళు దాటామో లేదో, ట్రాక్టరును దాటబోయి మా బస్సు ఎదురొచ్చిన పత్తి లారీకి రాసుకుంది. నా కుడి మోచెయ్యి నుజ్జయింది. దారినపోయే కారులో ఎవరో ఆసుపత్రికి చేర్చారు. అందుకే పోలీసులు రాసుకున్న జాబితాలో నా పేరు లేదు.

రెండు ఆపరేషన్లయ్యాయి. బోర్డు మీద రాయలేని టీచరును ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? నష్టపరిహారానికి కేసు వేశాం. నేను ఆ బస్సులో ఉన్నానని చెప్పేది నా పర్సులో మిగిలిన టికెట్టొక్కటే. జాగ్రత్తగా దాచమన్నారు మా లాయరు గారు. మీకు నవ్వొస్తుందేమో, చార్టుల దగ్గర్నుంచి ఐడీ కార్డుల దాకా అన్నీ లామినేషన్ చేయించే టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? తీసుకెళ్ళి జెరాక్స్ షాపులో ఇచ్చాను. మిషన్ వేడికి ఆ కాగితం మొత్తం నల్లబడి బయటికొచ్చింది. ఒక్క అంకె కనబడలేదు. షాపు మెట్ల మీదే కూలబడ్డాను.

నేను బస్సే ఎక్కలేదని, ఎక్కడో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నానని అవతలి లాయరు కోర్టులో అన్నాడు. ఇక మిగిలింది కండక్టరు గారే. బస్టాండులో ఆయన కోసం కాపు కాశాను. సాక్ష్యం మాట ఎత్తగానే ఆయన మొహం పాలిపోయింది.

"రిటైర్మెంటుకి ఇంకా ఏడాది ఉందమ్మా. పైవాళ్ళు ఊరుకోరు. ఆ డ్రైవరు నాతో పాతికేళ్ళు పనిచేసినోడు. నాకు భయంగా ఉంది."

బతిమాలలేకపోయాను. ఆయన భయం నా భయం లాగే ఉంది.

అయినా వాయిదా రోజున వచ్చారు. బోను అంచు కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"రోజూ వందలమంది ఎక్కుతారు. ఈమె ఎక్కినట్టు నీకెలా గుర్తుంది?" అని అడిగాడు అవతలి లాయరు.

కండక్టరు గారు జడ్జిగారి వైపు తిరిగారు. నా వైపు చూడలేదు.

"నిలబడ్డమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టింది నేనేనండి" అన్నారు. "ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదండి."

బయటికొచ్చాక దణ్ణం పెట్టబోయాను. "నన్ను తిట్టాల్సింది పోయి దణ్ణం పెడతారేంటమ్మా" అని గబగబా వెళ్ళిపోయారు. పరిహారం వచ్చింది. ఎడం చేత్తో రాయడం నేర్చుకుని మళ్ళీ బోర్డు ముందు నిలబడ్డాను. ఆయన్ని మాత్రం దూరపు రూటుకి మార్చారు. ఆ సంగతి ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. వాళ్ళమ్మాయి చెబితే తెలిసింది. ఆయనకు నేను చాలా రుణపడ్డాను.

ఫోను వచ్చిన మర్నాడు ఆయన సమాధి కార్యక్రమానికి బస్సెక్కాను. ఎడం చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఒంగోలు దాటాక కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. "కూర్చోండి మేడమ్" అంది కండక్టరమ్మాయి. ఆయన చెప్పినట్టే అనుకుని కూర్చున్నాను. కుడి చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాను. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను. నేను ఈ బస్సులో ఉన్నానని చెప్పడానికి ఈసారి ఆయన లేరు. గుప్పిట్లో టికెట్ చెమటకు తడిసి మెత్తబడింది. దిగేదాకా గుప్పిట విప్పలేదు.