బతికున్న కణం తలుపు తియ్యదు

మా మేనత్త నోట “అవుతుంది” అన్న మాట నేనెన్నడూ వినలేదు. కుక్కర్ పెడితే ఉడకదంటుంది. ఎదురుగా బస్సొస్తుంటే మనది కాదంటుంది. నేను ఎం.ఏ. సాహిత్యంలో చేరిన రోజు “పాసవ్వవులే” అని దీవించింది.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం, పెద్ద పెద్ద మందు అణువుల్ని బతికున్న కణాల్లోకి పంపడం. అంత పెద్ద అణువును కణం రానివ్వదు. అందుకని పెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ ముక్కను దారి చూపించడానికి తగిలిస్తారు.

“అప్పుడు లోపలికి పోతుందా అత్తా?”

“పోయి ఏం లాభం? కణం దాన్ని సంచిలో మూటగట్టి అరిగించుకుంటుంది. భోజనానికి పిలిచి మనల్నే వండుకున్నట్టు.”

మందుకు మెరిసే రంగు అంటించి చూస్తారు. వెలుగు కణమంతా పరుచుకుంటే గెలుపు, చుక్కలుగా ఉంటే సంచిలో చిక్కినట్టు. పదిహేనేళ్లుగా అత్తకు పట్టపగలే చుక్కలు.

ఒక సోమవారం ఆమె శిష్యురాలు తెచ్చిన ఫోటోలో కణాలన్నీ దీపాల్లా వెలిగాయి. డైరెక్టర్ స్వీట్లు పంచి, ఫోటోను పై కమిటీకి పంపేశారు. అత్త స్వీటు పక్కన పెట్టింది.

“ఫోటోకి ముందు కణాల్ని ఫార్మలిన్‌లో పెట్టావా?”

“కదలకుండా ఉంటాయని పెట్టాను మేడమ్.”

“చచ్చిన కణంలోకి ఎవరైనా పోతారమ్మా. తలుపుల్లేని ఇంట్లో దూరడానికి దొంగే కావాలా?”

బతికున్న కణాలతో మళ్లీ చేస్తే చుక్కలే.

గురువారం డైరెక్టర్ అందర్నీ కూర్చోబెట్టారు. రిపోర్టులో భాష దిద్దడానికి వెళ్లిన నేను అత్త పక్కన ఒదిగి కూర్చున్నాను.

“కమిటీ ముందు పరువు పోయింది. ఆ ఫార్మలిన్ ఎవరి పనో, వాళ్లు ఇవాళే వెళ్లిపోవచ్చు.”

శిష్యురాలి ముఖంలో నెత్తురు లేదు.

“నాదే,” అంది అత్త. “దగ్గరుండి చేయించాను.”

ఆ అమ్మాయి కణాల్ని ఫార్మలిన్‌లో పెట్టిన పూట అత్త నాతో పళ్ల డాక్టర్ దగ్గర ఉంది. జన్మలో మొదటిసారి నలుగురిలో నోరు తెరవబోయాను. బల్ల కింద అత్త మడమ నా కాలివేళ్ల మీద పడింది.

అంత సీనియర్‌ను పొమ్మనలేక, విభాగం పెద్దరికం మాత్రం ఊడబెరికారు. ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచింది.

“ఎందుకత్తా?” అన్నాను, దారిలో కుంటుతూ.

“ఏదీ అవదని ముందే అనేశాననుకో, చెడినప్పుడు అందరూ నా నోటి చలవే అనుకుంటారు. చేసినవాళ్లను వదిలేస్తారు.”

ఇంటికొచ్చాక వాచిన నా వేళ్లకు మందు తీసింది. “ఇది చర్మం దాటి లోపలికి పోదు,” అని నిట్టూర్చి, అరగంటసేపు రుద్దుతూ కూర్చుంది.