వెర్లిన్ ప్యాంటు పైకి లాగితే

మిన్నెసోటాలోని మా చిన్న కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు వెర్లిన్ టోర్గర్సన్ ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్. బంతిని దూరంగా విసరడమో, పరుగెత్తేవాడి చేతిలో పెట్టడమో, అంతా అతని చలవే. చదివినన్నాళ్లూ అతని ముందు వంగి, కాళ్ల సందులోంచి బంతి అందించినవాడు ఆర్లో ష్మెలింగ్. తర్వాత వెర్లిన్ ఇక్కడే కోచ్ అయ్యాడు, ఆర్లో నది అవతలి కాలేజీకి కోచ్ అయ్యాడు. అప్పట్నుంచి వెర్లిన్ ఆర్లో మీద ఒక్కసారైనా గెలిచిన పాపాన పోలేదు. ఈసారీ ఓడితే వేరే మనిషిని చూసుకుంటామని కాలేజీవాళ్లు మర్యాదగా చెప్పారు. మా ఊళ్లో మర్యాదగా చెప్పారంటే ఇక ఖాయమే.

ఆటకు ముందురోజు వెర్లిన్ కాఫీ హోటల్లో తల పట్టుకు కూర్చున్నాడు.

"గట్టు మీంచి మావాళ్లకు చేసే సైగలన్నీ మార్చేశాను జెనెల్! అయినా వాడికెలా తెలిసిపోతోంది?"

"సైగలెందుకు? నీ ప్యాంటు చెబుతోందిగా," అంది అతని భార్య, ఆపిల్‌పై ముక్క తింటూ. "బంతి విసిరించాలనుకున్నప్పుడల్లా పైకి లాక్కుంటావు. పెళ్లి చేసుకుంటావా అని నన్నడిగే ముందూ అంతే. నువ్వు నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నీకు తెలుసనుకున్నా. ఊరందరికీ తెలుసు."

హోటల్లో ఉన్న మేమందరం కాఫీ కప్పుల్లోకి చూశాం. తెలుసు మరి. పరాయి మగాడి ప్యాంటు గురించి ఎలా మాట్లాడతాం?

మర్నాడు వెర్లిన్ ప్యాంటుకు భుజాల పట్టీలు తగిలించుకొచ్చాడు. చేతులు మాత్రం అలవాటుగా నడుము దగ్గరే తచ్చాడాయి. చివరి నిమిషానికి నాలుగు పాయింట్లు వెనకబడ్డాం. బంతితో దాటితే ఆరు పాయింట్లొచ్చే గీత అయిదు గజాల దూరం, అదే ఆఖరి అవకాశం. వెర్లిన్ పట్టీలు ఊడబీకి, ప్యాంటును దాదాపు చంకల దాకా లాగాడు.

"విసురుతున్నార్రా! వెనక్కి పొండి!" అని మైదానం అవతలి అంచున ఆర్లో గావుకేక పెట్టాడు.

వాళ్లంతా వెనక్కి పరుగెత్తారు. మా క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు బంతిని విసరకుండా పొట్టకు అదుముకుని, ఖాళీ అయిన నడిమధ్య నుంచి తాపీగా గీత దాటేశాడు.

చేతులు కలపడానికి వచ్చిన ఆర్లో మొహం కందగడ్డలా ఉంది. "నీకింత బుర్ర లేదురా వెర్లిన్. ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, మా ఆవిడ."

"ఏంటి జెనెల్, నీ పెళ్లిలో డాన్సు చేసినవాణ్ని, నాకే ఇంత ద్రోహమా?"

"ఏం చెయ్యను ఆర్లో," అంది పక్కనే నిలబడ్డ జెనెల్. "ఉద్యోగం పోతే రోజంతా ఇంట్లోనే ఉంటాడుగా!"