పదో సబ్బుముక్క

మా కోచింగ్ కాలేజీలో కొత్త పిల్లలు చేరిన వారం తల్లిదండ్రులను హాల్లో కూర్చోబెట్టి ఒక కథ చెబుతారు. ఒక లెక్కల సారు, తన క్లాసులో అందరికంటే తెలివైన అమ్మాయిని, ఆమెలో కసి రగలాలని కావాలనే కింది సెక్షన్‌కు పంపాడట. ఆ అమ్మాయి పట్టుబట్టి చదివి, ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షలో జిల్లా అంతా చెప్పుకునే ర్యాంకు తెచ్చిందట. కథ అయిపోగానే ఆ సారు లేచి నమస్కారం పెడతాడు. అందరూ చప్పట్లు కొడతారు.

ఆ సారు నేనే. ఆ కథ అబద్ధం.

ఏళ్ల తరబడి అలా లేచి నిలబడ్డాను. ఎవరికీ నష్టం లేదులే అనుకున్నాను. ఈ ఏడు ఆ కథ నమ్మి, పాలకుర్తి నుంచి వచ్చిన ఒక పిల్లను నిజంగానే కిందికి దింపారు. ఆ పిల్లను మళ్లీ పైకి ఎక్కించాలంటే కథ అబద్ధమని నేనే చెప్పాలి. చెప్పాను. ఇక్కడ రాస్తున్నాను కూడా. రాయడానికి ఇంకో కారణం ఉంది. నిజంగా జరిగింది ఆ కథకంటే చాలా పెద్దది. దాన్ని చిన్నది చేసి చెప్పుకున్నాం.

మాది హన్మకొండలో మూడంతస్తుల ఆడపిల్లల హాస్టలు, కాలేజీ కలిసిన బిల్డింగు. పై అంతస్తులో స్టార్ సెక్షన్ ఉంటుంది. అనుభవమున్న లెక్చరర్ల క్లాసులన్నీ అక్కడే. కిందికి దిగేకొద్దీ కొత్తగా చేరినవాళ్లు పాఠాలు చెబుతారు. ప్రతి ఆదివారం పరీక్ష. సోమవారం పొద్దున ఇన్‌చార్జి మెట్ల దగ్గర నిలబడి నంబర్లు చదువుతాడు. మార్కులు తగ్గినవాళ్లు ప్యాడూ పుస్తకాలూ పట్టుకుని కిందికి దిగుతారు, పెరిగినవాళ్లు పైకెక్కుతారు. మెట్ల మీద ఎదురుపడి, "దిగినవా?" "నువ్వెక్కినవా?" అని పలకరించుకుంటారు. దసరా సెలవుల దాకా ఇలా నడుస్తుంది. ఆ తర్వాత ఎక్కడివాళ్లు అక్కడే. పరీక్ష అయ్యేదాకా ఎవరినీ కదపరు.

కథలోని అమ్మాయి రఘునాథపల్లి నుంచి వచ్చింది. వాళ్ల నాన్న అక్కడ స్కూలు యూనిఫాంలు కుట్టేవాడు. ఇంటివాళ్లు వచ్చి కలిసే ఔటింగ్ ఆదివారం వాళ్లమ్మ బగారన్నం గిన్నె పట్టుకుని వచ్చి, హాస్టలు ఆవరణలో చాప పరిచి, పక్క చాపలవాళ్లకు కూడా వడ్డించేది. ఒకసారి నన్ను ఆపి అడిగింది.

"సార్, మా పిల్ల అన్నిట్ల లేటు. అన్నం తినుడు లేటు, తల దువ్వుకునుడు లేటు. పరీక్షల టైం సరిపోతదా?"

"సరిపోతదమ్మా. ఫికర్ చెయ్యకుండ్రి."

"అమ్మా, సార్‌కు బగార పెట్టు. మాటలు తర్వాత," అంది కూతురు.

నిజానికి ఆ పిల్ల లెక్క కూడా నిదానంగానే చేసేది. చేసేది అనకూడదేమో, చూసేది. మిగతావాళ్లు ప్రశ్న చదవగానే పెన్ను కదిలిస్తారు. మేం అలాగే నేర్పుతాం. ఈమె చేతులు ఒళ్లో పెట్టుకుని బోర్డుకేసి చూస్తూ కూర్చునేది. ఒకరోజు నేను ఒక జ్యామితి లెక్కకు బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా సమీకరణాలు రాస్తున్నాను. వెనక నుంచి ఈమె గొంతు వినిపించింది.

"సార్, గా బొమ్మను జర పక్కకు ఒరిగించి చూస్తే అయిపోతది గదా."

వెనక్కి తిరిగి చూస్తే క్లాసు మొత్తం తలలు పక్కకు వాల్చుకుని ఉంది. నేనూ వాల్చాను. వాలిన ఆ బొమ్మలో జవాబు కళ్లెదురుగా ఉంది. సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. అంతమంది పిల్లలకు అన్నేళ్లు ఆ లెక్క చెప్పాను. ఒక్కసారి కూడా తల పక్కకు వాల్చలేదు.

దసరాకు ముందు చివరి ఆదివారం పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ఒక ఘనానికి ఉన్న ఆరు ముఖాలకూ తెలుపో నీలమో వేయాలి. తిప్పి చూస్తే ఒకేలా ఉన్నవాటిని ఒకటిగానే లెక్కపెడితే, మొత్తం ఎన్ని రకాలు? కీ ప్రకారం జవాబు తొమ్మిది. క్లాసులో నేను చెప్పిందీ తొమ్మిదే. నేను చెప్పినట్టు రాసినవాళ్లందరికీ మార్కులు పడ్డాయి. ఈ పిల్ల ఒక్కతే పది అని రాసింది. మార్కులు రాకపోగా తప్పు జవాబుకు ఒక మార్కు కోత కూడా పడింది. ఆ ఒక్క ప్రశ్నతో స్టార్ సెక్షన్ గీత కిందికి జారింది.

సోమవారం ఇన్‌చార్జి నంబర్లు చదవకముందే ఆమె స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. చేతిలో స్టీలు టిఫిను డబ్బా. మూత తీసి నా బల్ల మీద బట్టల సబ్బు ముక్కలు ఒక్కొక్కటే పెట్టింది. చిన్న చిన్న ఘనాలుగా కోసి, కొన్ని ముఖాల మీద పెన్నుతో నీలం పూసింది.

"సార్, నాకు పది వస్తానయ్. తొమ్మిదే అయితే ఇండ్ల ఏవో రెండు ఒక్కటి కావాలె గదా. ఏ రెండో చూపెట్టుండ్రి."

అడిగిన తీరు చూడండి. ‘నేను కరెక్టు’ అనలేదు, ‘మీరు తప్పు’ అనలేదు. ఏ రెండు ఒకటో చూపించమంది, అంతే. అంతకంటే శుభ్రమైన నిరూపణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నేను మూడు ముఖాలు తెల్లగా ఉన్న రెండు ముక్కలు తీసుకున్నాను. ఒకదానిలో మూడు తెల్లముఖాలూ ఒక మూల దగ్గర కలుస్తున్నాయి. రెండోదానిలో పెట్టెకు పట్టీ చుట్టినట్టు వరసగా ఉన్నాయి. ఎటు తిప్పినా ఒకటి రెండోదానిలా మారదు. నేను ఆ రెంటినీ ఒకటే అనుకుని, ఏళ్లుగా పిల్లలందరికీ తొమ్మిదని చెబుతూ వచ్చాను.

మా కాలేజీలో ప్రశ్నపత్రం తయారుచేసే పని లెక్చరర్ల మధ్య వంతులవారీగా తిరుగుతుంది. ఎవరు చేశారో బయటికి చెప్పరు. అన్ని బ్రాంచీలకూ హెడ్డాఫీసు కీ అనే పేరుతోనే వస్తుంది. ఆ వారం వంతు నాది. కీ రాసింది నేను. అంతకుముందు నెల ఒక కుర్ర లెక్చరరు కీలో తప్పు దొర్లితే మీటింగులో అందరూ అతన్ని ఆటపట్టించారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

"కీ పైనుంచి వచ్చింది బిడ్డా. మన చేతుల లేదు," అన్నాను.

ఆమె నా చేతిలోని ముక్కల వైపు చూసింది. నా మొహం వైపు చూసింది. "సరే సార్," అని, డబ్బాలో ఎనిమిది ముక్కలు సర్దుకుని వెళ్లిపోయింది. నా చేతిలోని రెండూ బల్ల మీదే ఉండిపోయాయి. మధ్యాహ్నం ఆయా వాటిని టీ గ్లాసులు కడగడానికి తీసుకుపోయింది.

ఆ అమ్మాయి కిందికి దిగింది. దసరా అయిపోయింది. ఇక ఎక్కే దారి లేదు. అది నాకు తెలుసు.

కింద ఏం జరిగిందో చలికాలంలో గానీ చూడలేదు. కింది సెక్షన్ లెక్చరరు సెలవు పెడితే ఆ పీరియడుకు నన్ను వెళ్లమన్నారు. తలుపు దాకా వెళ్లి ఆగాను. బల్లలు పక్కకు జరిపి, పిల్లలు ముగ్గురు నలుగురు చొప్పున నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. అందరి మధ్యా సబ్బుముక్కలు, చీపురుపుల్లలు, గోధుమపిండి ఉండలు. ఈమె బోర్డు దగ్గర నిలబడి ఉంది.

"మొదలు తప్పు చేద్దాం," అంటోంది. "గీ లెక్కను ఎన్ని తీర్ల తప్పు చెయ్యొచ్చో చెప్పుండ్రి. నేనైతే గిట్ల చేస్త. నువ్వెట్ల చేస్తవే?"

పిల్లలు పోటీలు పడి తప్పులు చెబుతున్నారు. నవ్వుతున్నారు. ఒక్కో తప్పు ఎక్కడ విరుగుతుందో కలిసి వెతుకుతున్నారు. కిందికి దిగాక నోరే విప్పడం మానేసిందని మేం చెప్పుకునే ఒక పిల్ల లేచి, "గది తప్పు గాదే, గదే దారి!" అని అరిచింది. నిజంగా అదే దారి.

అప్పుడే వార్డెన్ మేడమ్ నన్ను దాటుకుని లోపలికి వచ్చింది. "నీ లెక్కలు పాడుగాను! బట్టలకు సబ్బు లేదు, లెక్కలకు సబ్బు గావాల్నా? మొన్నటి సబ్బంత ఎటు వొయింది?"

"రెండు ముక్కలు సార్ దగ్గరున్నయ్ మేడమ్," అంది ఆ అమ్మాయి నా వైపు చూడకుండానే. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది.

నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆ పీరియడంతా పాఠం చెప్పలేదు, విన్నాను. పదహారేళ్ల పిల్ల, మేం పనికిరారని కిందికి తోసిన పిల్లల తలల్లో దీపాలు వెలిగించుకుంటూ పోతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. మర్నాడు పై అంతస్తులో నేనూ "మొదలు తప్పు చేద్దాం" అని పాఠం మొదలుపెట్టాను. నా సొంత పద్ధతే అన్నట్టు. అది కూడా చెప్పాల్సిందే.

ఆమెకు ర్యాంకు వచ్చింది. ఆమెతో పాటు నేల మీద కూర్చున్న పిల్లల్లో కొందరికి, మేం ఆశపెట్టుకోని వాళ్లకు కూడా సీట్లు వచ్చాయి. చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. ఆమె ఫొటో పెద్దగా, మూలన నా ఫొటో చిన్నగా. సన్మానసభలో డైరెక్టరు ఆ కథ అక్కడికక్కడే అల్లి చెప్పాడు. నేను తల దించుకున్నాను. అందరూ వినయం అనుకున్నారు.

ఇక ఈ ఏటి సంగతి. దసరా ఇంకో వారం ఉందనగా మా కొత్త ఇన్‌చార్జి, నన్ను అన్నా అని పిలిచే కుర్రాడు, స్టార్ సెక్షన్‌లోని పాలకుర్తి పిల్లను కిందికి దింపాడు. మార్కులు తగ్గలేదు.

"ఎందుకు తమ్మీ?"

"తెలివున్నదన్నా. కసి లేదు. కింద ఓ దెబ్బ తగిలితే లేస్తది. నీ ఫార్ములానే గదా!"

"అది ఫార్ములా కాదు."

"గట్లంటవేంది? ఫ్లెక్సీ మీదున్నది నీ ఫొటోనే గదా!"

ఆ సాయంత్రం రఘునాథపల్లి అమ్మాయికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆమె వేరే ఊళ్లో గణితంలోనే పరిశోధన చేస్తోంది. ఆమె పేరు చెప్పకుండా అందరికీ నిజం చెబుతానన్నాను. కీ రాసింది నేనేనన్నాను.

"నాకు ఎరుకే సార్," అంది.

"ఎట్ల?"

"క్లాసుల మీరు చెప్పింది తొమ్మిది, కీల ఉన్నది తొమ్మిది. పది గాక ఇంకేదన్న రావాలంటే ఎన్ని తీర్ల తప్పు చెయ్యొచ్చో ఆ రాత్రే చూసుకున్న. చానా ఉన్నయ్. రెండూ అదే తప్పయినయంటే చేసిన మనిషి ఒక్కరే అయ్యుంటరు అనుకున్న. గట్టిగ తెల్వదు. మీరు సక్కగ గా రెండు ముక్కలే పట్టుకున్నంక తెలిసింది."

సబ్బుముక్కలతో పాటు ఆమె నన్నూ తిప్పి చూసింది ఆ రోజు. పదహారేళ్ల వయసులో.

"కింద మంచిగనే ఉండె సార్," అంది చివరికి. "ఆ పిల్లలు దొరికిన్రు. కని అది మీ పుణ్యం గాదు. గది గూడ చెప్పుండ్రి."

ఔటింగ్ ఆదివారం వచ్చిన తల్లిదండ్రులను డైరెక్టరు హాల్లోకి పిలిచి, అలవాటుగా ఆ కథ చెప్పాడు. నేను లేచాను. నమస్కారం పెట్టలేదు. కీ సంగతి, సబ్బు సంగతి, నా భయం సంగతి చెప్పాను. కింద ఆమె చేసిందంతా ఆమెదేనని, అందులో నా పుణ్యం ఏమీ లేదని చెప్పాను. వెనక వరసలో పాలకుర్తి పిల్ల తండ్రి లేచాడు. పత్తి ఏరే పని మధ్యలో వదిలి వచ్చిన మనిషి.

"సారూ, మా పిల్లకు కసి లేదని దింపిన్రు. లేకుంటేమాయె? తెలివున్నదని మీరే అన్నరు. గది సాలదా?"

ఇన్‌చార్జి నా పక్కకు వచ్చి, "ఇజ్జత్ తీసినవ్ గదన్నా," అని గొణిగాడు. పోయింది నా పరువేనని అతనికి తట్టలేదు. నాకు ఎందుకో తేలికగా ఉంది. డైరెక్టరు ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. కానీ సోమవారం మెట్ల దగ్గర చదివిన నంబర్లలో ఆ పిల్ల నంబరు ఉంది.

ప్యాడూ పుస్తకాలూ పట్టుకుని ఎక్కుతూ మెట్ల మీద నాకు ఎదురైంది.

"సార్, మళ్ల దించరు గదా?"

"మార్కులు తగ్గితే దించుతరు బిడ్డా. ఊరికెనైతే దించరు."

రెండు మెట్లు ఎక్కి ఆగింది. వెనక్కి తిరిగింది. "సార్, మీరు హాల్ల చెప్పినట్టు నిజంగ పది వస్తయా? నాకు గూడ తొమ్మిదే వస్తానయ్."

నాకు జవాబు తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల కళ్లు అప్పటికే పైకప్పు వైపు చూస్తున్నాయి. ఏదో ఒక ఘనాన్ని గాలిలో నెమ్మదిగా తిప్పుతున్నట్టున్నాయి. ఆ చూపు నాకు తెలుసు. అలాంటి చూపును ఆపే హక్కు నాకు లేదు.

పుస్తకాలు పైన పెట్టి రమ్మన్నాను. వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్లి ఒక బట్టల సబ్బూ, కూరగాయల కత్తీ అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మళ్ల మొదలైందా?" అంది.