మణిగోడకు తప్పు పక్క

లాడ్జిలో దిగినవాళ్ల ముఖాలు మెందోకు గుర్తుండవు. బూట్లు గుర్తుంటాయి. సాయంత్రం తలుపు దగ్గర జతలు లెక్కపెడుతుంది, పొద్దున వాళ్లు బయల్దేరేటప్పుడు మళ్లీ లెక్కపెడుతుంది. పదకొండు దాటాక కనుమ ఎక్కుతామనే వాళ్లను గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆపుతుంది. గదుల్లో కిటికీలు వేలెడు సందు వదిలి మూశారో లేదో తిరిగి చూస్తుంది. గైడ్లు ఆమెను ‘భయాల దిదీ’ అంటారు, ఆమె ఎదురుగానే. ఆమె కాదనదు.

యాభై నాలుగేళ్ల మనిషి. కనుమకు కింద ఆఖరి లాడ్జి ఆమెది. ఆరు గదులు, ఒక పొయ్యి, పొయ్యి చుట్టూ బెంచీలు. ఎనిమిదేళ్ల కిందట ఆమె భర్త యాక్‌లను వెతుక్కుంటూ పోయి పొగమంచులో దారి తప్పాడు. రెండోరోజు మంచు విడిచాక చూస్తే ఒక బండకు ఆనుకుని కూర్చున్నాడు, బిగుసుకుపోయి. ఆ బండకూ ఇంటికీ మధ్య వంద అడుగులు లేవు. అప్పటినుంచి పొగమంచు దిగిందంటే మెందో ఇత్తడి పళ్లెం, గరిటె తీసుకుని వాకిట్లోకి వస్తుంది. పైనుంచి రావాల్సిన ఆఖరి మనిషి వచ్చేదాకా కొడుతూనే ఉంటుంది. ఆ చప్పుడు పట్టుకుని ఇల్లు చేరినవాళ్లు ఈ లోయలో చాలామందే ఉన్నారు.

ఆ ఏడు మార్గశిరంలో, అక్కడివాళ్ల మంగ్సిర్ నెలలో, అంత మంచు పడాల్సిన కాలం కాకపోయినా, మోకాలి కింది దాకా పడింది. దానివెనకే పొగమంచు దిగింది. ఫోన్ పనిచేయడం మానేసి రెండు రోజులైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు గైడు ఇంద్రబహదూర్ గురుంగ్ నలుగురు ఫ్రెంచివాళ్లను వెంటబెట్టుకుని కనుమ దిగి వచ్చాడు. వాళ్లు బూట్లు విప్పుతుంటే మెందో వెల్లుల్లి సూప్ పొయ్యి మీద పెట్టింది.

“వెనకాల ఎవరైనా ఉన్నారా భాయీ?”

“ఉన్నారు. నీ ముద్దుల చెల్లెలు ఫుర్బా. ఒక జర్మన్ ముసలాయన, ఆయన పెళ్లాం. ఇద్దరూ నత్తలతో పందెం వేసుకున్నట్టు నడుస్తున్నారు. గంట వెనక ఉంటారేమో.”

మెందో చేతిలో గరిటె ఆగింది. “మణిగోడ దగ్గర ఏ పక్కనుంచి వచ్చావ్?”

“ఇంకే పక్క? తప్పు పక్కనుంచే. చెవులు పట్టుకుని మూడుసార్లు మంత్రం చదువుకుని మరీ వచ్చా. మంచి పక్కన వచ్చుంటే ఈపాటికి నీ ఇంటి కప్పు మీద దిగేవాణ్ణి.”

లాడ్జికి నలభై నిమిషాల ఎత్తున, కొండ భుజం మీద ఉంది ఆ గోడ. మంత్రం చెక్కిన రాళ్లను తరాలుగా పేర్చుకుంటూ వచ్చిన నడుమెత్తు గోడ. దాన్ని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకునే దాటాలి. అందుకే ఎక్కేవాళ్లకు గోడకు ఒక పక్క బాట, దిగేవాళ్లకు రెండో పక్క బాట. మొన్నటి వానల్లో కొండచరియ విరిగి, దిగేవాళ్ల బాట గోడ దాటిన యాభై అడుగులకే తెగిపోయింది. దాని కింద లోయ. లోయ అడుగున, దాదాపు తిన్నగా, మెందో లాడ్జి. ఇప్పుడు ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే బాటన పోవాలి. గోడ జరుపుదామని ఊళ్లో కుర్రాళ్లు అన్నారు. లామా వచ్చి మంచిరోజు చూడకుండా మణిరాయి కదపడానికి వీల్లేదని మెందోయే అడ్డుపడింది. లామా చైత్రంలో వస్తానన్నాడు. అందాకా తెగిన బాటకు అడ్డంగా ఆమె ప్రార్థన జెండాల తాడు కట్టి వచ్చింది. జెండాలు దాటి అడుగు వేసే మనిషి ఈ కొండల్లో లేడు కదా అనుకుంది.

“ఫుర్బాకి చెప్పావా?” అని అడిగింది.

“ఏం చెప్పాలి?” అన్నాడు ఇంద్ర. ఆ వెంటనే అతని ముఖంలో నవ్వు పోయింది. “నువ్వు చెప్పలేదా దిదీ? నీ సొంత చెల్లెలికి?”

చెప్పలేదు. ఫుర్బా కూడా గైడే. పోయిన వసంతంలో తన అతిథులను అక్క ఇంట్లో కాకుండా వేడినీళ్లున్న పక్క లాడ్జిలో దింపింది. మెందో ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడలేదు. కొండచరియ విరిగాక ఫుర్బా ఈ దారిన రావడం ఇదే మొదలు. మధ్యలో మూడు నెలలు ఫోన్ బాగానే పనిచేసింది.

“పోనీ జెండాలున్నాయిగా, చూసుకుంటుంది,” అంది మెందో. తనకు తాను చెప్పుకుంటున్నట్టుంది.

ఇంద్ర సూప్ గిన్నె కింద పెట్టాడు. “ఒక చివర ఊడిపోయింది దిదీ. గాలికి తాడంతా బాట వెంబడి పడుంది. కడదామనుకున్నా, వేళ్లు పనిచేయలేదు. అందరికీ తెలిసిందే కదా అని...”

మెందో కళ్లముందు అది కనబడింది. చేయి చాపితే చేయి కనబడని తెల్లదనం. కుడిచేతి వైపు గోడ. కాళ్ల దగ్గర, బాట పొడవునా, రంగురంగుల జెండాలు. విదేశీయుడైతే ఏ పక్కనుంచైనా వస్తాడు. ఫుర్బా మాత్రం అటే వస్తుంది. ఎవరో పుణ్యాత్ములు దారి చూపించారనుకుని, ఇద్దరు ముసలివాళ్లను వెంటబెట్టుకుని మరీ వస్తుంది.

ఇంద్ర లేచి పళ్లెం, గరిటె అందుకుని వాకిట్లోకి పోయాడు. ఒక్కసారి కొట్టాడు. మెందో ఉరికి గరిటె లాక్కుంది.

“పిచ్చి పట్టిందా? రోజూ కొట్టేది నువ్వే కదా!”

“చప్పుడు ఎక్కణ్ణుంచి వినిపిస్తుంది వాళ్లకి? విరిగిన చోటికి సూటిగా కిందనుంచి! అనుమానమొచ్చి ఆగినవాళ్లు కూడా నా పళ్లెం విని ఇల్లు ఇక్కడేగా అని నడుస్తారు. కొట్టకు. ఎవర్నీ కొట్టనీయకు.”

పళ్లేన్ని ఆమె పిండి డబ్బాలో పెట్టి మూత వేసింది. యాక్‌ను కట్టే తాడు భుజాన వేసుకుంది. భర్త పోయాక ఆమె పొగమంచులో వాకిలి దాటలేదు. అది ఇంద్రకీ తెలుసు.

“నువ్వుండు దిదీ, నేను పోయొస్తా.”

“పొగమంచులో నీ గొంతు అది గుర్తుపట్టదు. నడు.”

నలభై నిమిషాల ఎక్కుడు. ముందు ఇంద్ర, వెనక మెందో, ఇద్దరి నడుములకూ తాడు. ఎదురుగా ఇంద్ర వీపు కూడా కనబడదు, తాడు లాగినప్పుడల్లా అతనున్నాడని తెలుస్తుంది. పిలవాలని ఉంది, పిలవడానికి లేదు. ఆగకుండా మోగే పళ్లెంలా కాదు, పొగమంచులో ఒక్క కేక ఎటునుంచి వస్తోందో వినేవాళ్లకు తెలియదు. కింద ఏదో రాయి దొర్లిన చప్పుడైంది. ఇద్దరూ ఆగారు. రాయేనో, మనిషో తెలియలేదు. నడవమన్నట్టు మెందో తాడు కదిపింది.

గోడ చేతికి తగిలింది. దాని పైకొస దాకా తడుముకుంటూ పోయి ఇంద్ర వంగి చూశాడు. మంచులో మూడు జతల అడుగులు, తాజావి. దిగేవాళ్ల పక్కనే పోయాయి. గోడను బుద్ధిగా కుడిచేతి వైపు ఉంచుకుని.

ఆ తెల్లదనంలోంచి ఎవరో దగ్గారు.

ఇటు రా అంటే ఎటు తిరుగుతారో తెలియదు. ఆగు అంటే ఏమిటని ఇంకో అడుగు వేస్తారు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ యాక్ దూడలను మేపేవారు. పొగమంచు దిగితే అక్క ఒకే మాట అనేది. ఆరేళ్ల ఫుర్బా ఉన్నచోటే చతికిలబడేది, ముళ్ల మీదైనా సరే.

“ఫుర్బా! కూర్చో!”

తెల్లదనంలోంచి ఫుర్బా గొంతు వచ్చింది.

“ఎవరది?”

“నేనే. కూర్చో ముందు. వాళ్లనీ కూర్చోబెట్టు.”

“ఇన్ని నెలలు నోరు విప్పనిదానివి, ఇవాళ కొండెక్కి వచ్చి నాకు పని చెబుతున్నావా?”

“తిట్టవే. ఎంతైనా తిట్టు. కూర్చుని తిట్టు!”

మంచులో బరువుగా ఏదో కూలబడిన చప్పుడు. “కూర్చున్నా. ఒళ్లంతా తడిసింది. సంతోషమా?”

మెందో కాళ్లు గోడకు తన్నిపెట్టి తాడు పట్టుకుంది. ఇంద్ర పొట్టమీద పాక్కుంటూ పోయాడు. మొదట ముసలావిడను తెచ్చాడు, తర్వాత ముసలాయనను. ఆఖరున ఫుర్బా వచ్చింది, నడుము దాకా మంచు అంటుకుని, గొణుక్కుంటూ. అందరినీ గోడకు రెండో పక్కకు నడిపించబోతే ఆమె ఆగిపోయింది.

“ఇటా? గోడ ఎడమ చేతికొస్తుందే. అమ్మ చూస్తే చంపేసేది.”

“చంపనీ. నడు.”

లాడ్జిలో పొయ్యి చుట్టూ అందరూ చేరారు. జర్మన్ దంపతులు మంచులో కూర్చోబెట్టిన ముచ్చట ఫ్రెంచివాళ్లకు చెప్పి నవ్వారు. ఇంద్ర నవ్వలేదు. బాట తెగిందని మెందో చెబితే ఫుర్బా తల అడ్డంగా ఊపింది.

“తెగితే నాకు కనబడదా? పాతికేళ్లుగా నడుస్తున్నా. నీ భయం జబ్బు రానురాను ముదురుతోంది దిదీ.”

మెందో ఆమె గిన్నెలో ఇంకొంచెం పప్పు పోసింది. తలుపు దగ్గరికి పోయి బూట్లు లెక్కపెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. ఎవరూ లేవకముందే మెందో గోడ దగ్గరికి ఎక్కింది. మంచులో మనుషులు కూర్చున్న గుంటలు మూడు, ఒకదాని వెనక ఒకటి, అలాగే ఉన్నాయి. అన్నిటికన్నా ముందుది ఫుర్బాది. మెందో బోర్లా పడుకుని ఆ గుంట అంచునుంచి చేతికర్ర ముందుకు చాపి మంచు మీద గుచ్చింది. కర్ర ఆగలేదు. కింద నేల లేదు, గాలికి ముందుకు పెరిగిన మంచు చూరు అది. కర్ర చేసిన కన్నంలోంచి లోయ కనబడింది. లోయ అడుగున తన ఇంటి రేకు కప్పు, పొగగొట్టం కనబడ్డాయి.

ఆమె అలాగే వెనక్కి పాకింది. గోడ చివరి రాయి మీద నుదురు ఆనించి క్షమాపణ చెప్పుకుంది. తర్వాత ఆ రాయిని ఊడబెరికింది. లామా లేడు, మంచిరోజు లేదు. తెచ్చి తెగిన బాటకు అడ్డంగా పెట్టింది. ఇంకొకటి తెచ్చింది. ఆరో రాయి ఎత్తుతుంటే వెనకనుంచి ఫుర్బా గొంతు వినబడింది.

“ఏం చేస్తున్నావ్! మణిరాళ్లవి!”

మెందో కర్రతో గుంటల వైపు చూపించింది. ఫుర్బా చూసింది. తన గుంటను పోల్చుకుంది. దాని అవతల కన్నాన్ని చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

“కూర్చో అన్నావు చూడు,” అంది చివరికి. “అప్పుడు నా కాలు పైకి లేచే ఉంది. నీ మీద కోపంతో ఆ అడుగు వేసేద్దామనే అనుకున్నా.”

మెందో ఆ రాయిని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఫుర్బా వచ్చి ఆమె ఒళ్లోంచి రాయి తీసుకుంది, తీసుకుపోయి అడ్డంగా పెట్టింది. మళ్లీ వచ్చి గోడలో అన్నిటికన్నా పెద్ద రాయి మీద చేయి వేసింది.

“ఇది నా ఒక్కదానివల్ల కాదు దిదీ. లే. అటు పట్టు.”