కొత్త విమానాలు వస్తాయని చెప్పినవాణ్ణి

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి గల్ఫ్ దేశాలకి ఒక చౌక విమాన కంపెనీ మొదలైంది. భీమవరంలో దాని టిక్కెట్లు అమ్మింది నేనే. కంపెనీకి ఉన్నవి మూడు విమానాలు. ఒకటి చెడిపోతే మిగతా రెండూ దాని పని కూడా నెత్తినేసుకుని, నాలుగు రోజుల్లో అవీ మంచమెక్కేవి. అప్పుడు హైదరాబాదు నుంచి నాకు ఫోను వచ్చేది. ఇవాళ లేదు, రేపు చూద్దాం అని.

ఆ కబురు జనానికి చెప్పడం నా వంతు. చెప్పీ చెప్పీ విసుగెత్తిపోయింది.

మా వైపు ఒక అలవాటుంది. ప్రయాణం రోజున మంచి ఘడియ లేకపోతే, ముందే ఒక మంచి వేళ చూసి పెట్టెను ఇల్లు దాటించి వేరేచోట ఉంచుతారు. దాంతో మనిషి బయల్దేరినట్టే. ఆ పెట్టె మళ్ళీ ఇంటికి రాకూడదు. మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు వాటిని నా కొట్టులో పెట్టేవారు. విమానం ఆగిన వారం నా కుర్చీలోకి నేనే పక్కకి తిరిగి దూరాల్సి వచ్చేది. "మన విమానం ఎప్పుడు బాగవుద్దండీ?" అని అడిగేవారు, అదేదో మా దొడ్లో కట్టేసి ఉన్నట్టు.

ఒకసారి కంపెనీవాళ్ళు ఏజెంట్లందరినీ హైదరాబాదులో ఒక హోటలుకి పిలిచారు. టై కట్టుకున్న ఒకాయన తెర మీద కొత్త విమానాల బొమ్మలు చూపించాడు. ఏడాది తిరిగేసరికి పాతవన్నీ తీసేస్తామన్నాడు. తర్వాత బిర్యానీ పెట్టారు. బిర్యానీ బాగుంది, నేను నమ్మాను. నా రొయ్యల చెరువు తెగులుకి తుడిచిపెట్టుకుపోయాక పెట్టుకున్న కొట్టు అది. ఇదైనా నిలబడాలని నా ఆశ. తిరిగొచ్చి, ఆ విమానాలు నేనే కొన్నట్టు ఊరంతా చెప్పాను.

ఆ రోజుల్లోనే ఒకావిడ వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. ఏళ్ళ తరబడి ఐసులో నాని వేళ్ళు వంగడం మానేశాయి. షెడ్డులో ఇంక రావద్దన్నారు. మస్కట్‌లో ఒకింటి మేడం పంపిన వీసా ఒక్కటే ఆవిడకి ఆధారం. దాని గడువు పన్నెండు రోజులుంది. బొంబాయి మీదుగా వెళ్ళే పెద్ద కంపెనీలో సీటు ఉంది.

"దిద్దులు అమ్మేసైనా దాంట్లోనే ఎల్తానండి" అంది.

నేనే వద్దన్నాను. "ఎందుకమ్మా దండగ? మనదాంట్లో రెండ్రోజులు అటూ ఇటూ అయినా పన్నెండు రోజుల్లో చేరవా? కొత్త విమానాలు కూడా వచ్చేస్తున్నాయి."

ఆవిడ నా మాట విన్నది.

మొదటిసారి విమానం రద్దయితే పెట్టె నా కొట్టులోనే ఉండిపోయింది. రెండోసారి ఆవిడ హైదరాబాదు దాకా వెళ్ళి, అదీ రద్దయితే అక్కడే చుట్టాలింట్లో ఆగింది. రోజూ ఫోను చేసేది. నేను రోజూ రేపు అనేవాణ్ణి. భయమేసి పెద్ద కంపెనీకి ఫోను చేస్తే సీట్లు అయిపోయాయన్నారు. మూడోసారి కూడా విమానం లేవలేదు. మర్నాటితో గడువు ముగిసింది.

బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా, పెట్టెతో నేరుగా నా దగ్గరికే వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మేడంకి ఓ ఉత్తరం రాసిపెట్టండి. నేను మానుకోలేదని, విమానమే రాలేదని రాయండి. మళ్ళీ వీసా పంపమనండి."

ఇంగ్లీషులో రాసి, తెలుగులో అర్థం చెప్పాను. "మీ గురించి కూడా రాయండి" అంది.

మళ్ళీ పెన్ను తీశాను. "ఏం రాయమంటావమ్మా?"

"మా ఏజెంటుగారు మంచోరని, ఆయన తప్పేం లేదని రాయండి. లేపోతే మధ్యలో ఎవరో మోసం చేశారనుకుని ఇంక నన్ను పిలవదండి."

ఆ మాట కూడా రాశాను, నా గురించి నేనే. కాగితం ఆవిడ ముందుకి జరిపితే, ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ కింద సంతకం చేసింది.